పచ్చని బయలు ఎవరిది? కొండ సైకిళ్ళ చరిత్ర చిల్లకూరు తీరానికి చెప్పే మాట

లావు టైర్లు, గేర్లు కలిగిన సైకిలు నేడు నెల్లూరు తీరంలో వింత వస్తువు కాదు. బడికి, ట్యూషన్‌కు వెళ్ళే పిల్లలు దానినే కోరుకుంటున్నారు. దుకాణాలలో దానిని మౌంటెన్ బైక్ అంటారు. కొండ సైకిలు అనుకుందాం. చిల్లకూరు పరిసరాలలో కొండలు లేవు. వెలిగొండలు దూరంగా పడమట ఉన్నాయి. తూర్పున బకింగ్‌హాం కాలువ, సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు, కండలేరు కయ్య. నడుమ చెరువు కట్టలు, పశువుల మేత బీడ్లు. రాళ్ళూ గతుకులూ ఉన్న నేల మీద నడవడానికి పుట్టిన వాహనం కొని ఇచ్చాము గాని, ఆ నేల మీద నడిపే చోటును పిల్లలకు చూపలేదు. ఫలితంగా వారిలో పలువురు జాతీయ రహదారి అంచున, లారీల పక్కన తొక్కుతున్నారు.

ఇది వైద్యులు పట్టించుకోవలసిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. 5 నుంచి 17 సంవత్సరాల వయస్సు వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మరొకసారి స్పష్టం చేసింది. 146 దేశాల సమాచారంతో 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం, 11 నుంచి 17 ఏళ్ళ వారిలో 81 శాతం మందికి ఆ మాత్రం శ్రమ లేదు. మన దేశంలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురిది అదే పరిస్థితి. బాల్యంలో స్థూలకాయం, యౌవనంలోనే మధుమేహం, అధిక రక్తపోటు కనిపించడానికి ఆహారంతో పాటు కదలిక లేని జీవనమూ ఒక కారణం. కదలడానికి చోటు కావాలి. ఆ చోటు ఎవరి అధీనంలో ఉండాలి, ఎవరు అనుభవించాలి, ఎవరు కాపాడాలి అన్న తగవుకు నూట డెబ్బై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర వైద్యులతోనే మొదలవుతుంది.

అడవిని కాపాడమన్న వైద్యులు

భారతదేశంలో అటవీ శాఖకు పునాది వేసిన వారిలో పలువురు వైద్యులని నేటి తరానికి అంతగా తెలియదు. కుంపిణీ కాలంలో వైద్య విద్యలో వృక్షశాస్త్రం ముఖ్య భాగం. మందులు మొక్కల నుంచే రావాలి గనుక చెట్టును ఎరగని వైద్యుడు ఉండేవాడు కాదు. సామర్లకోటలో ఉంటూ కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించి, చిత్రింపజేసి, 1795 నుంచి గ్రంథంగా వెలువరించిన విలియం రాక్స్‌బర్గ్ వృత్తిరీత్యా వైద్యుడు. బొంబాయి రాష్ట్రానికి 1847లో అటవీ సంరక్షకుడిగా నియమితుడైన అలెగ్జాండర్ గిబ్సన్ కూడా వైద్యుడే.

మన మద్రాసు రాష్ట్రం విషయానికి వస్తే ఇద్దరిని తలచుకోవాలి. ఎడ్వర్డ్ బాల్ఫోర్ సైనిక వైద్యుడు. చెట్లు నరికివేసిన చోట నేలలో తేమ తగ్గుతుందని, దాని వెనుకనే కరువు, రోగాలు వస్తాయని 1840లలోనే వ్యాసాలు వ్రాశాడు. 1851లో ఏర్పడిన మద్రాసు మ్యూజియంకు తొలి అధికారి ఆయనే. 1875లో మద్రాసు వైద్య కళాశాల తలుపులు స్త్రీలకు తెరుచుకోవడంలోనూ ఆయన చేయి ఉంది. రెండవవాడు హ్యూ క్లెగ్‌హార్న్. మద్రాసులోనే జన్మించి, ఎడిన్‌బరోలో వైద్యం చదివి, మద్రాసు వైద్య కళాశాలలో వృక్షశాస్త్రం బోధించాడు. 1856లో మద్రాసు రాష్ట్రపు తొలి అటవీ సంరక్షకుడయ్యాడు. రైలు పట్టాల కింద వేసే దుంగల కోసం, వంటచెరకు కోసం అడవులు ఎంత వేగంగా తరిగిపోతున్నాయో లెక్కలతో చూపినవాడు ఆయన.

అదే కాలంలో ఇంగ్లండులోనూ ఇటువంటి ఆలోచనే సాగింది. కార్మికులు కిక్కిరిసిన పట్టణాలలో నడవడానికి బహిరంగ స్థలాలు లేకపోవడం ఆరోగ్యానికి చేటు అని 1833లో పార్లమెంటు నియమించిన సంఘం నివేదించింది. తరువాతి దశాబ్దాలలో అక్కడ ప్రజోద్యానవనాలు వెలిశాయి. అమెరికాలో న్యూయార్కు సెంట్రల్ పార్కుకు రూపకల్పన చేసిన వారిలో ఒకడైన ఓల్మ్‌స్టెడ్, అంతర్యుద్ధ కాలంలో సైనికుల ఆరోగ్యం చూసిన శానిటరీ కమిషనుకు కార్యదర్శిగా పనిచేశాడు. పచ్చని బయలు ప్రజారోగ్య సాధనమన్న భావన ఈ విధంగా స్థిరపడింది.

కాపాడడం వెలివేయడంగా మారిన వేళ

మన దగ్గర కథ మరొక మలుపు తిరిగింది. అడవులన్నీ ప్రభుత్వానివే అని చట్టం చేయబోగా, 1870లలో మద్రాసు రెవిన్యూ బోర్డే అభ్యంతరం చెప్పింది. ఈ రాష్ట్రంలో అడవులపై గ్రామాలకు తరతరాల అనుభవ హక్కులు ఉన్నాయని, వాటిని కాదనడం న్యాయం కాదని ఆ అధికారుల వాదన. ఆ కారణంగానే 1878 నాటి భారత అటవీ చట్టం మద్రాసుకు వర్తించలేదు. అయినా 1882లో ప్రత్యేకంగా మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవుల సరిహద్దు రాళ్ళు పాతారు. మేతకు పుల్లరి, కట్టెకు పర్మిటు, తప్పితే జరిమానా, పశువులకు బందెలదొడ్డి. అడవి కొంత మిగిలింది గాని, అడవికీ ఊరికీ మధ్య మనసు విరిగింది.

దాని ఫలితం 1921లో పల్నాడులో బయటపడింది. పుల్లరి చెల్లించేది లేదని రైతులు పశువులను అడవిలోకి తోలారు. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు ఆ ఉద్యమానికి నాయకుడయ్యాడు. 1922 ఫిబ్రవరి 22న పోలీసు కాల్పులలో ఆయన నేలకొరిగాడు. కడప జిల్లా రాయచోటి ప్రాంతంలోనూ ఆ కాలంలో అటవీ సత్యాగ్రహం సాగింది. హనుమంతు పేరు వినగానే మనకు స్వాతంత్ర్యోద్యమం గుర్తుకు వస్తుంది. అందులో ఉమ్మడి పచ్చిక నిర్వహణకు సంబంధించిన పాఠం కూడా ఉందని గుర్తించాలి. అడవి అక్కరలేని వారు కారు ఆ రైతులు. అడవి లేనిదే బ్రతుకు లేని వారు. వారిని నిర్ణయంలో భాగస్వాములను చేయకపోవడమే తగవుకు మూలం.

ఆ పాఠాన్ని ప్రభుత్వం నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది. 1992లో ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి అటవీ యాజమాన్యం పేరిట గ్రామాలలో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. 2002లో అది సామాజిక అటవీ యాజమాన్యంగా మారింది. ఆ సమితులలో కొన్ని చక్కగా పనిచేశాయి, కొన్ని కాగితాలకే పరిమితమయ్యాయి. లోపాలు ఎన్ని ఉన్నా, అడవిని వాడుకునే వారే దానికి కాపలాదారులు కాగలరన్న సూత్రం అధికారికంగా అంగీకరించబడింది.

టమాల్‌పైస్ కొండ మీద కుర్రకారు

ఇప్పుడు సైకిలు కథకు వద్దాం. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మెరిన్ అనే కౌంటీ ఉంది. అక్కడి టమాల్‌పైస్ కొండ చుట్టూ ఉన్న అడవిలో పెద్ద భాగం ప్రజలకు తాగునీరు అందించే సంస్థ అధీనంలోనిది. 1970లలో అక్కడి కుర్రవాళ్ళు పాత బరువైన సైకిళ్ళకు లావు టైర్లు, గట్టి బ్రేకులు అమర్చి ఆ కొండ బాటలలో దిగడం మొదలుపెట్టారు. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ దగ్గర ఒక నిటారు బాటలో తొలి పందెం జరిగింది. దానిని రీప్యాక్ అన్నారు. ఒక్కసారి దిగేసరికి వెనుక చక్రపు బ్రేకులోని గ్రీజు కాలి ఆవిరయ్యేది. మళ్ళీ గ్రీజు కూరి బిగించవలసి వచ్చేది. ఆ కూరడం నుంచే ఆ పేరు వచ్చింది. ఆ బృందంలోని జో బ్రీజ్ 1977లో ప్రత్యేకంగా కొండ బాటల కోసమే సైకిలు తయారుచేశాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో వాటిని అమ్మే వ్యాపారం ప్రారంభించారు. పదిహేడేళ్ళు తిరిగేసరికి, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆ ఆట చోటు సంపాదించుకుంది.

అయితే పుట్టిన ఊరిలోనే దానికి తలుపులు మూసుకున్నాయి. నడకకు వచ్చే పెద్దలు, గుర్రాలపై వచ్చేవారు భయపడ్డారు. మలుపు దగ్గర అకస్మాత్తుగా ఎదురయ్యే సైకిలు వల్ల ప్రమాదం నిజమే. బాటలు కోసుకుపోతాయన్న ఆందోళన కూడా వ్యక్తమైంది. 1980లలో సన్నని కాలిబాటలు సైకిళ్ళకు నిషిద్ధమయ్యాయి. వెడల్పు బాటలలో గంటకు 15 మైళ్ళ, అంటే సుమారు 24 కిలోమీటర్ల వేగ పరిమితి వచ్చింది. అడవి కాపలాదారులు రాడార్ తుపాకులు పట్టి సైకిళ్ళ వేగం కొలిచి జరిమానాలు విధించారు. కుర్రవాళ్ళు దొంగచాటుగా రాత్రుళ్ళు తొక్కారు, రహస్యంగా కొత్త బాటలు తవ్వారు. పల్నాడులో పశువులు, మెరిన్‌లో సైకిళ్ళు. ఆకలికీ ఆటకూ పోలిక లేదు, ప్రాణాలర్పించిన త్యాగంతో వినోదాన్ని సమానం చేయడం నా ఉద్దేశం కాదు. కాని నిర్వహణలోని పొరపాటు ఒక్కటే: వాడుకునే వారిని నేరస్థులుగా మాత్రమే చూడడం.

మార్పు రెండు వైపుల నుంచీ వచ్చింది. 1988లో కాలిఫోర్నియా సైకిలు సంఘాలు కొన్ని కలిసి అంతర్జాతీయ మౌంటెన్ బైసికిల్ సంఘాన్ని స్థాపించాయి. నడిచేవారికి దారి ఇవ్వాలి, తడి నేల మీద తొక్కరాదు, జంతువులను బెదరించరాదు వంటి నియమాలను ఆ సంఘమే తన సభ్యులకు బోధించింది. బాటలు బాగుచేసే శ్రమదానం చేపట్టింది. బర్క్‌లీ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు మ్యాట్ ఫ్రిట్జింగర్ చొరవతో 2001లో ఉత్తర కాలిఫోర్నియా బడిపిల్లల సైకిలు లీగు మొదలైంది. 2009 నాటికి అది జాతీయ సంస్థగా ఎదిగింది. దానిలోని టీన్ ట్రెయిల్ కోర్ అనే విభాగంలో పిల్లలు పలుగు పార పట్టి బాటలను మరమ్మతు చేస్తారు. బాట మీద చెమటోడ్చిన పిల్లవాడికి దానిని పాడుచేయడానికి చేయి రాదు.

ఇంగ్లండు, వేల్స్ ఇంకొక దారి చూపాయి. 1968 నాటి కంట్రీసైడ్ చట్టం గుర్రపు బాటలలో సైకిలు తొక్కే హక్కునిచ్చింది. నడిచేవారికి, గుర్రాలకు దారి వదలాలన్న బాధ్యతను అదే సెక్షనులో చేర్చింది. వేల్స్‌లోని కోయెడ్ ఎ బ్రెనిన్ అడవిలో 1990లలో అటవీ శాఖే సైకిళ్ళ కోసం ప్రత్యేక బాటలు వేయించింది.

సైకిళ్ళ వల్ల బాటలు ఎక్కువ కోసుకుపోతాయా అన్న ప్రశ్నకు 1994లో అమెరికాలోని మోంటానాలో జరిగిన ప్రయోగం ఒకటి సమాధానమిచ్చింది. నడక, గుర్రం, మోటారు సైకిలు, కొండ సైకిలు ఈ నాలుగింటినీ ఒకే రకం బాటలలో పోల్చి చూడగా, చక్రాల కంటే కాళ్ళు, గిట్టలు ఎక్కువ మట్టిని లేపాయి. అయితే నిటారు వాలులో బ్రేకు పట్టి జారడం, వాన పడిన వెంటనే తొక్కడం, బాట వదలి పక్కకు పోవడం హానికరమే. వాహనం కంటే దానిని ఎక్కడ, ఎప్పుడు, ఎలా తొక్కుతున్నారన్నదే ముఖ్యమని దీని సారాంశం.

చిల్లకూరు తీరం సంగతి

మన తీరంలో ఉమ్మడి పచ్చదనానికి కూడా తనదైన చరిత్ర ఉంది. ఎన్నూరు దగ్గర 1806లో చిన్న కాలువగా మొదలై, 1877-78 కరువు కాలంలో కూలి పనుల ద్వారా ముఖ్యమైన భాగాలు కలిసి, గవర్నరు పేరిట బకింగ్‌హాం అయిన కాలువ ఈ మండలం మీదుగానే పోతుంది. ఒకనాడు సరుగుడు కట్టెలు పడవలలో మద్రాసు పొయ్యిలకు చేరింది ఈ దారినే. 1977 నాటి దివిసీమ ఉప్పెన తరువాత తీరాంధ్రలో సరుగుడు వనాలకు గాలిని అడ్డుకునే గోడగా ప్రాధాన్యం పెరిగింది. 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుపాను, 2004 నాటి సునామీ ఆ అవసరాన్ని మళ్ళీ గుర్తుచేశాయి. కనుక ఇక్కడి సరుగుడు తోట ఆటస్థలం కావడానికి ముందు ఊరికి రక్షణ కవచం.

ఆ కవచానికి పక్కనే పరిశ్రమ పెరుగుతోంది. మోమిడి, బల్లవోలు పరిసరాలలో సిలికా ఇసుక గనులు, ఉత్తరాన కృష్ణపట్నం రేవు, తమ్మినపట్నం దగ్గర విద్యుత్కేంద్రాలు. చిల్లకూరు, కోట మండలాలలో తలపెట్టిన కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఉద్యోగాలు వస్తే సంతోషమే. కాని కొత్త రోడ్లు, లేఅవుట్లు గీసే ఈ సమయంలోనే మేత బీడు, చెరువు కట్ట, కాలువ గట్టు వంటి ఉమ్మడి స్థలాల భవితవ్యం తేలిపోతుంది. ఒకసారి కంచె పడిన తరువాత ఆ చోటును వెనక్కు తెచ్చుకోవడం దుస్సాధ్యం. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు మనకు ఆయుధమే గాని, దానిని వాడవలసింది గ్రామసభ.

హైదరాబాదు ఉదాహరణ కళ్ళ ముందు ఉంది. అక్కడ కొత్తగూడలో పాలపిట్ట పేరిట సైకిళ్ళకే ప్రత్యేకమైన పార్కు వెలిసింది. 2023లో బాహ్య వలయ రహదారి పక్కన సౌర పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభమైంది. అవి మహానగరపు ఖర్చులు. చిల్లకూరుకు అంత వ్యయం అవసరం లేదు. ఉన్న మట్టి బాటలలో రెండు మూడింటిని గుర్తించి, సైకిళ్ళకు, నడకకు కేటాయించి, లారీలను అటు రానీయకుండా చూస్తే చాలు.

అందుకు నాకు తోచిన పద్ధతి ఇది. పంచాయతీ, అటవీ శాఖ, ఉన్నత పాఠశాల, జూనియరు కళాశాల కలిసి కూర్చోవాలి. తొక్కదగిన బాటలు ఏవి, తొక్కరానివి ఏవి అన్నది పిల్లల చేతనే పటం గీయించాలి. లేత సరుగుడు నాట్లు, ఇసుకను పట్టి ఉంచే తీగలు అల్లుకున్న దిబ్బలు నిషిద్ధ స్థలాలు కావాలి. జనవరి నుంచి వేసవి మొదటి వరకు మన తీరాన సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఆ నెలలలో రాత్రి పూట ఇసుక తీరానికి సైకిళ్ళు పోరాదు. ఈ నియమాలను పిల్లలు తాము వ్రాసుకున్నవిగా భావించాలి. నెలకొక ఉదయం బాట బాగుచేసే శ్రమదానం ఉండాలి. ఆడపిల్లలకు కూడా అంతే చోటు, అంతే భద్రత ఉండాలి. ఉదయపు వేళ ఆ బాటలో పెద్దలు నడకకు వస్తే ఆ భద్రత సహజంగానే సమకూరుతుంది.

తల్లిదండ్రులకు వైద్య సూచనలు

శిరస్త్రాణం లేకుండా సైకిలు ఇవ్వకండి. 2016లో వెలువడిన ఒక విశ్లేషణ అనేక అధ్యయనాలను కలిపి చూసి, హెల్మెట్ ధరించిన సైకిలు ప్రయాణికులలో తీవ్రమైన తలగాయాల అవకాశం సుమారు 69 శాతం తక్కువని తేల్చింది. పడిన తరువాత వాంతులు, మగత, మాట తడబాటు, తగ్గని తలనొప్పి, కొద్దిసేపైనా స్పృహ తప్పడం కనిపిస్తే "ఏమీ కాదులే" అని పడుకోబెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మట్టిలో గీసుకున్న గాయాన్ని ధారగా పారే మంచి నీటితో, సబ్బుతో శుభ్రం చేయాలి. టెటనస్ టీకా ఎప్పుడు వేయించారో గుర్తుంచుకోవాలి; 10, 16 ఏళ్ళ వయస్సులో వేసే టీకాలను చాలామంది మరచిపోతారు.

పొదలున్న బాటలలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి ఉండవచ్చు. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయరాదు. ఆ అవయవాన్ని కదల్చకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విషహర సూదిమందు లభించే ఆసుపత్రికి చేర్చాలి.

మన ఎండలలో ఉదయం 8 గంటల లోపుగా సైకిలు ముగించాలి. వెంట నీళ్ళు ఉండాలి. తల తిరగడం, చెమట ఆగిపోవడం, మాట పొంతన లేకపోవడం వడదెబ్బ సూచనలు. ఇసుక గనుల వద్ద, లారీలు తిరిగే దారులలో లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. వేగంగా తొక్కేవాడు దానిని మరింత లోతుగా పీలుస్తాడు. నీరు నిండిన గుంతల వద్దకు ఈత పేరిట పిల్లలను పోనీయకండి. వాటి గట్లు విరిగిపడతాయి, లోతు పైకి తెలియదు.

ఈ సూచనలన్నీ ఇంటివారు పాటించగలిగినవి. తొక్కడానికి క్షేమమైన చోటు కల్పించడం మాత్రం ఊరందరి పని. రాబోయే గ్రామసభలో రోడ్డు, దీపం, డ్రైనేజీ అర్జీలతో పాటు, మన పిల్లలకు ఒక మట్టి బాట కేటాయించమన్న అర్జీ కూడా ఇవ్వండి. దాని మీద పిల్లల చేతే సంతకాలు చేయించండి.